షవరులో నీళ్లు సన్నగా వస్తున్నాయా? ముందు బకెట్ పట్టి చూడండి

వ్యాఖ్యాత: నమస్కారం. మేడ మీద ట్యాంకు నిండుగా ఉన్నా, షవరు తిప్పితే తల తడవడమే కష్టంగా ఉందని పై అంతస్తుల వాళ్లు తరచూ చెబుతుంటారు. దీని గురించి మాట్లాడటానికి హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ప్లంబింగ్ పని చేస్తున్న మేస్త్రి గారు వచ్చారు. మేస్త్రి గారూ, ఇలాంటి ఫోను వస్తే మీరు మొదట అడిగేది ఏమిటి?

మేస్త్రి: ఒక్క కొళాయిలోనా, ఇల్లంతానా అని అడుగుతానమ్మా. సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఒక్కచోటే తగ్గితే ట్యాంకూ, పెద్ద పైపులూ బాగున్నట్టే. చన్నీళ్లు బాగా వచ్చి వేడినీళ్లే తగ్గితే గీజరు వైపు చూడాలి. ఇల్లంతా తగ్గితే మేడ ఎక్కాలి. ఇవేవీ అడక్కుండా ప్రెషర్ పంపు పెట్టించుకోమని చెప్పేవాళ్లంటే నాకు కోపం. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో తెలియకుండా వేలకు వేలు ఖర్చు పెట్టించడం అన్యాయం.

వ్యాఖ్యాత: సరే, ఒక్క కొళాయే అనుకుందాం. ఇంట్లో వాళ్లే చూసుకోగలరా?

మేస్త్రి: తప్పకుండా. కొళాయి మూతి దగ్గర మరతో బిగించిన చిన్న జాలీ ఉంటుంది. చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. రాకపోతే గుడ్డ చుట్టి పటకారుతో తిప్పాలి, లేదంటే పాలిష్ గీరుకుపోతుంది. దాన్ని అరచేతిలో బోర్లించి తట్టండి. తెల్లటి సున్నపు పెచ్చులు, ఇసుక, కొత్త ఇల్లయితే పైపులు కోసినప్పటి ప్లాస్టిక్ తురుము రాలుతాయి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కదా. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్దితే చాలు. షవరు పళ్లేనికీ ఇదే వైద్యం.

వ్యాఖ్యాత: చాలామంది బాత్రూము కడిగే యాసిడ్ పోస్తారు.

మేస్త్రి: వద్దమ్మా, పాలిష్ పోతుంది. పైగా ఆ యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకచోట కలిశాయంటే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూములో అది ప్రాణాంతకం.

వ్యాఖ్యాత: జాలీ శుభ్రంగానే ఉంటే?

మేస్త్రి: వాష్‌బేసిన్ కింద కొళాయికి నీళ్లు కట్టేసే చిన్న వాల్వు, యాంగిల్ కాక్ ఉంటుంది చూడండి. మరమ్మతుకు మూసినవాళ్లు తిరిగి సగమే తెరిచి వెళ్లిపోతుంటారు. ముందు అది పూర్తిగా తెరవండి. అప్పటికీ రాకపోతే కాక్ కట్టేసి, కొళాయి వైపు గొట్టం ఊడదీసి ఆ కొసను బకెట్‌లో పెట్టి, మళ్లీ తెరవండి. ధారగా వచ్చిందంటే లోపం కొళాయిలో ఉంది. అక్కడా సన్నగానే వస్తే కాక్‌లోనో, గోడలోని పైపులోనో అడ్డు ఉంది. నాలుగు టైల్స్ పగలగొట్టే ముందు ఈ పరీక్ష చేయాల్సిందే.

వ్యాఖ్యాత: గీజరు సంగతి?

మేస్త్రి: చన్నీళ్లు లోపలికి వెళ్లే చోట సేఫ్టీ వాల్వు ఉంటుంది. సున్నం పట్టి అది బిగుసుకుపోతుంది. మెకానిక్‌ను పిలిచి మార్పించండి. కొందరు దాన్ని పీకేసి పైపు నేరుగా కలిపేస్తారు. అది మాత్రం ఎన్నడూ ఒప్పుకోవద్దు. లోపల ఒత్తిడి హద్దు దాటితే బయటికి పోయే దారి అదే.

వ్యాఖ్యాత: ఇక మేడ ఎక్కుదాం.

మేస్త్రి: ట్యాంకు కింద పాత ఇత్తడి గేటు వాల్వు ఉంటే అనుమానం ముందు దాని మీదే. పైన చక్రం చక్కగా తిరుగుతుంది, తెరిచామనుకుంటాం. లోపలి పలక కడ్డీ నుంచి ఊడి దారికి అడ్డంగా కూర్చుని ఉంటుంది. దాన్ని తీసేసి బాల్ వాల్వు వేయించండి. ఇక ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయి నిండిన తర్వాత నీళ్లు తగ్గాయా, కొళాయి బుసబుసలాడుతోందా, అది గాలి పట్టడం. కింది అంతస్తు కొళాయిలన్నీ ఒకేసారి తెరిచి కాసేపు వదిలితే చాలాసార్లు పోతుంది. మాటిమాటికీ పడుతుంటే ట్యాంకు వాల్వు దాటగానే T ఆకారపు అతుకు వేసి, ట్యాంకు మూత కన్నా ఎత్తుకు ఎయిర్ పైపు లేపాలి. చిన్న ముక్క పైపే, ఖర్చు మిగులుతుందని దాన్నే వేయకుండా వదిలేస్తారు.

వ్యాఖ్యాత: ఇవన్నీ సరిగ్గా ఉన్నా పై అంతస్తులో తక్కువే వస్తుంటే?

మేస్త్రి: అప్పుడిక ఎత్తు లెక్క. ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు, పది మీటర్ల నీటి ఎత్తుకు సుమారు ఒక బార్. ట్యాంకులో నీటిమట్టానికీ పై అంతస్తు షవరుకీ మధ్య మూడు మీటర్లే ఉంటే వచ్చేది 0.3 బార్. రెండంతస్తులు దిగితే అదే ట్యాంకు నుంచి దాదాపు 0.9 బార్ వస్తుంది. వెడల్పు షవరు కొనే ముందు దానికెంత ఒత్తిడి కావాలో పెట్టె మీద చదవండి. ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచగలిగితే మంచిదే, కానీ నిండు ట్యాంకు బరువు టన్నుల్లో ఉంటుంది కాబట్టి ఇంజినీరును అడిగే చేయాలి. కుదరకపోతే అప్పుడు ప్రెషర్ పంపు. ట్యాంకు నుంచి దిగే పైపుకే పెట్టాలి. పక్కనే, నీళ్లు వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వుతో, పంపును తప్పించి వెళ్లే బైపాస్ పైపు కూడా వేయించండి, కరెంటు పోయినా నీళ్లు ఆగవు. పాత ఇనప పైపులుంటే మాత్రం ముందు వాటిని మార్చాలి. తుప్పు పట్టిన అతుకులు ఆ ఒత్తిడికి కారుతాయి.

వ్యాఖ్యాత: వీధి నల్లాకే మోటారు బిగించేవాళ్లూ ఉన్నారు.

మేస్త్రి: అది నేరమమ్మా. పక్కింటి నీళ్లు లాగేసుకోవడమే. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. మోటారు లాగే ఊపుకి భూమిలోని పైపు పగుళ్ల గుండా మురుగునీరు లోపలికి వస్తుంది. తాగేది ఆ నీళ్లే, మన పిల్లలూ పక్కింటి పిల్లలూ. సంపులో పట్టుకుని, అక్కడి నుంచి ఎక్కించుకోవాలి.

వ్యాఖ్యాత: కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?

మేస్త్రి: పైపు సైజులో కక్కుర్తి పడొద్దు. అంగుళం బదులు అరంగుళం వేస్తే సగం నీళ్లు వస్తాయనుకుంటారు. లోపలి వైశాల్యమే నాలుగో వంతు, రాపిడి కలుపుకుంటే అంతకన్నా తక్కువే వస్తాయి. ట్యాంకు నుంచి దిగేది 1.25 అంగుళాలో, ఒకటిన్నరో వేసి, బాత్రూముకు ముప్పావు తెచ్చి, చివర కొళాయి దగ్గరే అరంగుళానికి తగ్గించాలి. గోడలు పూసే ముందు పైపులన్నిటికీ కొలత టేపు పక్కన పెట్టి ఫోనులో ఫోటోలు తీసి ఉంచుకోండి. రేపు అడ్డు పడినా, కారినా ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది.