దరువు కొట్టినోళ్ల పేర్లు అట్ట మీద లేవు

(హనుమకొండలో సంగీతాభిమానుల నెలవారీ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. అక్కలకు, అన్నలకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం. హాలు ఇచ్చినవారికి, పొద్దున్నుంచి మైకుతో తంటాలు పడుతున్న తమ్ముడికి, ఇంతమందికి చాయ్ పెట్టిన అమ్మకు దండాలు. నాకు పది నిమిషాలు ఇచ్చారు. అంతలో ముగించే ప్రయత్నం చేస్తాను.

ఇప్పుడు ఏ ఆల్బమ్ వింటున్నారు? ఈ నెల మనం అనుకున్న ప్రశ్న ఇది. నాకు ముందు మాట్లాడిన తమ్ముడు ఇళయరాజా 1986లో చేసిన ‘హౌ టు నేమ్ ఇట్’ గురించి చెప్పాడు. త్యాగరాజుకూ జర్మనీ దేశపు సంగీతకర్త బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చిన ఆల్బమ్ అది. ఆ వయొలిన్ల గురించి అతను చెప్తుంటే ఇంటికి పోయి మళ్లీ వినాలనిపించింది. కాజీపేట అన్న దర్గా ఉర్సులో విన్న ఖవ్వాలీల దగ్గర మొదలుపెట్టి నుస్రత్ ఫతే అలీ ఖాన్ దాకా వెళ్లాడు. ఆయన ఇంకాసేపు మాట్లాడితే బాగుండేది.

నేను రెండు వింటున్నాను. మొదటిది ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’, 1967లో వచ్చింది. కాశ్మీరు లోయలో ఒక గొర్ల కాపరి పొద్దంతా ఎట్లా గడిచిందో మాటల్లేకుండా చెప్పే ఆల్బమ్. తెల్లవారుజామున అహిర్ భైరవ్ రాగంతో మొదలవుతుంది, చీకటిపడ్డాక పహాడీ రాగం దగ్గర ఆగుతుంది. అందుకే పిల్లలకు చెప్తున్నాను, దీన్ని ఫోన్‌లో షఫుల్ పెట్టి వినకండి. షఫుల్ పెడితే రాత్రయ్యాక తెల్లవారుతుంది, కాపరి ఇంట్లోంచి బయలుదేరకముందే తిరిగొస్తాడు. మొదటి నుంచి చివరిదాకా, వరుసగా వినండి.

సంతూర్ శివకుమార్ శర్మ. వేణువు హరిప్రసాద్ చౌరాసియా. గిటార్ బ్రిజ్‌భూషణ్ కాబ్రా. తబలా మాణిక్‌రావ్ పోపట్కర్. ఈ నాలుగో పేరు మీలో ఎంతమందికి తెలుసు? నాకెట్లా తెలిసింది? ఆల్బమ్ వివరాల్లో రాసి ఉంది కాబట్టి తెలిసింది. వాయించినవాళ్ల పేర్లు ఎవరో శ్రద్ధగా రాశారు కాబట్టి ఇన్నేళ్ల తర్వాత హనుమకొండలో నిలబడి నేను ఆయన పేరు పలుకుతున్నాను.

నేను వింటున్న రెండోది కూడా గొర్ల కాపరులదే. మల్లన్న కథ, ఒగ్గు కథ క్యాసెట్. ఒగ్గు కథ అంటే డోళ్లు, తాళాలతో మేళం పాడుతూ చెప్పే జానపద కథ. మన గొల్ల కురుమల కథ. కొమురవెల్లిలో, అయినవోలులో పట్నాలు, అంటే మల్లన్నకు వేసే రంగుల ముగ్గులు, వేసిన చోట చెప్పే కథ. దీన్ని నేను ఆల్బమ్ అనే అంటాను. ఎవరైనా కాదంటే వాళ్లతో కూర్చుని మాట్లాడటానికి సిద్ధం.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక పక్కకు మూడు నాలుగు నిమిషాలే పట్టేది. 1948లో ఎల్పీ, అంటే లాంగ్ ప్లే రికార్డు వచ్చాక పక్కకు ఇరవై నిమిషాలు దాటింది. రాత్రంతా నడిచే ఒగ్గు కథ వీటిలో ఎట్లా పడుతుంది? 1963లో ఫిలిప్స్ వాళ్లు క్యాసెట్ తెచ్చారు. తొంభై నిమిషాల క్యాసెట్ అయితే పక్కకు నలభై ఐదు నిమిషాలు. 1980ల్లో టేప్‌రికార్డర్లు మన ఊళ్లకు వచ్చినప్పుడు మొదటిసారి ఈ కథలు పట్టే జాగా దొరికింది. ఒక్కో కథ రెండు, మూడు, నాలుగు క్యాసెట్లు. జాతర్ల దగ్గర దుకాణాల్లో అమ్మేవాళ్లు. బస్టాండు పక్క హోటళ్లలో, ట్రాక్టర్ల మీద, మగ్గాల దగ్గర మోగేవి. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో పెరిగిన నా వయసువాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

జనగామ పక్క మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి పేరు అందరికీ తెలుసు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు, 2017లో పోయారు. హనుమాజీపేట మిద్దె రాములు గారి పేరూ తెలుసు. వాళ్లకు దక్కిన గౌరవం దక్కాల్సిందే, ఇంకా ఎక్కువే దక్కాలి. కానీ ఒగ్గు కథ ఒక్క మనిషి పని కాదు. పక్కన వంత పాడేవాళ్లు ఉండాలి, డోళ్లు ఉండాలి, తాళం ఉండాలి, ఊదే నఫీరా ఉండాలి. మీరు విన్న క్యాసెట్లలో డోలు కొట్టిన ఒక్కరి పేరు చెప్పండి. ఒక్కరిది. (కొద్దిసేపు ఆగి) చూశారా?

ఇంతమంది రసికులున్న చోట ఒక్క పేరు రాలేదు. తప్పు మీది కాదు. క్యాసెట్ అట్ట మీద లేదు.

నేను చాలా ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే దుకాణం నడిపాను. ఒకరోజు అయినవోలు దిక్కు ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మామా అని పిలిచేవాణ్ని. పేరు చెప్పను, ఇంటివాళ్లను అడగలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక మేళంతో పోయి క్యాసెట్‌కు డోలు కొట్టాడట. ఆ క్యాసెట్ ఆయన దగ్గర లేదు. “మనుమనికి ఇనిపియ్యాలె బిడ్డా. నేను కొట్టిన్నంటే వాడు నమ్ముతలేడు” అన్నాడు.

అడగ్గా అడగ్గా ఒక ఊళ్లో దొరికింది. దుకాణంలో పెట్టి మోగించాను. రెండు డోళ్లు కలిసి మోగుతున్నాయి. నాకు రెండూ ఒకటే. మామ మాత్రం చెయ్యెత్తి ఆపమన్నాడు. “మల్ల పెట్టు. ఈ మలుపుల ఒక దెబ్బ ఎగ్గొట్టి ఇస్తున్న సూడు, అది నేను.” మళ్లీ పెట్టాను. నిజమే. ఒకసారి తెలిశాక ఇక ఆ చెయ్యి తప్ప ఇంకోటి వినపడలేదు నాకు. మైకు పెట్టినాయన డోలు ఎక్కువైందని వీళ్లను గోడ దాకా జరిపాడట. గోడ దగ్గర నుంచి కూడా ఆ దెబ్బ వచ్చింది.

మల్లన్న గొల్ల కేతమ్మ దగ్గరికి బయలుదేరాడు, మొదటి పక్క అయిపోయింది. తిప్పి పెట్టాను. కథ కొంచెం నడిచింది, టక్కున ఒక చప్పుడు, తర్వాత పెళ్లి పందిరి. కట్నాలు చదివిస్తున్నారు. ఫలానా ఊరు, ఫలానాయన, నూట పదహార్లు. ఎవరో ఇంటి పెళ్లిని దాని మీద రికార్డు చేశారు.

పిల్లలకు తెలియకపోవచ్చు, చెప్తాను. క్యాసెట్ వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. కంపెనీ క్యాసెట్‌కు అవి లేకుండా చేస్తారు, అందుకని రికార్డు బటన్ దిగదు. ఆ సందు మీద సెల్లోటేప్ అంటిస్తే దిగుతుంది. మన ఊళ్ల కథలు ఎన్ని ఆ సెల్లోటేప్ ముక్క కింద పోయాయో!

ఆపబోతే మామ ఆపనివ్వలేదు. “కథ మల్ల వస్తదేమో, ఉండనియ్యి” అన్నాడు. ఆ చదివింపులన్నీ కూర్చుని విన్నాడు. ఆ పక్క ఐపోయేదాకా విన్నాడు. కథ మళ్లీ రాలేదు. అప్పుడు చెప్పాడు, కథ చివర ముందు నిలబడ్డ కథకుడు మేళంలో ప్రతి ఒక్కరి పేరూ, ఊరూ చెప్పాడట. అట్ట మీద రాయని పేర్లు నోటితో చెప్పి పెట్టాడు ఆ మహానుభావుడు. అదే పోయింది.

పది నిమిషాలు దాటింది, తెలుసు. ఇది చెప్పకుండా మాత్రం దిగను.

అప్పటి నుంచి ఒగ్గు కథ, చిందు భాగవతం, శారద కథ, ఏది దొరికితే అది పోగుచేశాను. ఒక సంస్థ వాళ్లు వచ్చారు. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం, అందరికీ అందుబాటులో పెడతాం అన్నారు. పెట్టె నిండా ఇచ్చాను. తర్వాత ఫోన్ చేస్తే పని జరుగుతోంది అన్నారు. ఇంకోసారి చేస్తే తీసుకున్న సారు ట్రాన్స్‌ఫర్ అయ్యారు అన్నారు. చివరికి అసలు పెట్టె వచ్చినట్టే మా దగ్గర రాసిలేదు అన్నారు. ఆ సంస్థ పేరు చెప్పి ఇక్కడ గొడవ పెట్టుకోను. కోపం మాత్రం తగ్గలేదు, తగ్గాలని కూడా నాకు లేదు. ఎందుకంటే అవి నా క్యాసెట్లు కావు. ఇళ్లలో ఆడవాళ్లు బియ్యం డబ్బాల వెనుక దాచి, నన్ను నమ్మి ఇచ్చినవి.

చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు కోయ డోలు కొట్టి సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి వచ్చింది. అంటే గుర్తించేవాళ్లు ఉన్నారు. డోలు కొట్టే మనిషికి ఢిల్లీలో పద్మశ్రీ ఇచ్చారు. మన ఇళ్లలో క్యాసెట్ల మీద ఉన్న డోలు మనుషుల పేర్లు రాయడం మన వల్ల కాదా?

అడిగేది ఇది. వచ్చే నెల ఇదే హాలుకు మీ ఇంట్లో, మీ అమ్మగారింట్లో ఉన్న పాత కథల క్యాసెట్లు తీసుకురండి. ముందే ఇంట్లో పెట్టి చూడకండి. పాత టేప్‌రికార్డర్ రీలు లాగేస్తుంది. తెల్లటి బూజు పట్టినా, లోపలి స్పాంజి ముక్క ఊడినా పారేయకండి, అది బాగయ్యే పనే. క్యాసెట్లు మోగించే డెక్ నేను తెస్తాను. మీ కళ్ల ముందే కంప్యూటర్‌లోకి ఎక్కిద్దాం, క్యాసెట్ మీతోనే ఇంటికి పోతుంది. మళ్లీ చెప్తున్నాను, క్యాసెట్ మీతోనే ఇంటికి పోతుంది.

వీలైతే మీ ఊరి పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకురండి. ఈ డోలు ఎవరిది, ఈ వంత ఎవరిది, ఏ ఊరు అని గుర్తుపట్టగలిగినవాళ్లను. బస్సు చార్జీలు మనం చందా వేసుకుందాం. వాళ్లు చెప్పింది నోట్‌బుక్కులో రాయడానికి చేతిరాత బాగున్న పిల్లలు ఇద్దరు కావాలి. ఇద్దరే. చేతులెత్తండి. వెనుక వరుసలో ఆ అమ్మాయి, సరే. ఇంకొకరు?

సరే, నువ్వూ రా తమ్మీ. మైకు ఇప్పుడు అక్కకివ్వండి, ఆమె విఠల్‌రావు గారి గజళ్ల గురించి చెప్తానన్నారు.