పెత్తనం లేని చోట నాయకత్వం: అమెరికా బిజినెస్ డిగ్రీలో మన విద్యార్థులు

సభకు నమస్కారం. రాబోయే ఆగస్టులో అమెరికాకు బిజినెస్ డిగ్రీ చదవడానికి బయలుదేరుతున్న విద్యార్థులూ, వారిని సాగనంపబోతున్న తల్లిదండ్రులూ ఈ సభలో ఉన్నారు. వీసా, ఫీజులు, బ్యాంకు లోను, ఇంటి అద్దె గురించి చెప్పేవారు మీకు ఇప్పటికే చాలామంది దొరికి ఉంటారు. అందువల్ల నాకిచ్చిన సమయాన్ని ఒకే విషయానికి కేటాయిస్తాను. ఆ చదువులో నాయకత్వం నిజంగా ఎక్కడ అలవడుతుంది, మన పిల్లలు దాన్ని ఎక్కడ చేజార్చుకుంటున్నారు అన్నదే ఆ విషయం.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలోని విదేశీ విద్యార్థులలో భారతీయులు 3,31,602 మంది. ఆ ఏడాది మన దేశం చైనాను దాటి మొదటి స్థానానికి చేరింది. వీరిలో తెలుగువారు ఎంతమందో ఆగస్టు నెలలో శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లినవారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పు చేసి వెళ్లే విద్యార్థి ముందుగా ఉద్యోగం గురించి ఆలోచించడం సహజం, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. నాయకత్వం అన్నది పదేళ్ల తర్వాత మేనేజర్ అయినప్పుడు చూసుకోవలసిన సంగతి అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. పదవి వచ్చాక నాయకత్వం నేర్చుకోవడం కష్టం, ఎందుకంటే అప్పుడు మన మాట వినేవారు మన కుర్చీని చూసి వింటారు. ఎవరిమీదా పెత్తనం లేనప్పుడు, నలుగురిని కలుపుకొని ఒక పనిని చివరిదాకా నడిపించినప్పుడే ఆ విద్య అబ్బుతుంది. పరాయి దేశంలో విద్యార్థిగా ఉన్న కాలం అటువంటిదే. అక్కడ మన కుటుంబం పేరు, ఎంసెట్ ర్యాంకు, చదివిన కాలేజీ ఎవరికీ తెలియవు. మాట, పని, నమ్మకం ఈ మూడే మన వెంట ఉంటాయి.

ముందు తరగతి గది సంగతి చూద్దాం. ఎంబీఏ అనే డిగ్రీని 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ మొదలుపెట్టింది. 1920ల నుంచి ఆ బడిలో కేస్ పద్ధతి బలపడి, తర్వాత ప్రపంచంలోని బిజినెస్ స్కూళ్లన్నిటికీ ఏదో ఒక మేరకు పాకింది. ఒక కంపెనీకి ఎదురైన చిక్కును పది పదిహేను పేజీలలో వివరించి, అంకెల పట్టికలు జతచేసి ముందురోజే విద్యార్థుల చేతికిస్తారు. మర్నాడు ప్రొఫెసర్ పాఠం చెప్పరు. చెయ్యెత్తని విద్యార్థిని కూడా పేరుపెట్టి లేపి, ఆ కంపెనీ అధికారి స్థానంలో మీరుంటే ఏం చేస్తారని అడుగుతారు. దీన్నే అక్కడ కోల్డ్ కాల్ అంటారు. హార్వర్డ్‌లో ఒక్కో సెక్షన్‌లో సుమారు 90 మంది ఉంటారు. చాలా కోర్సులలో దాదాపు సగం మార్కులు తరగతి చర్చలో మాట్లాడినందుకే ఇస్తారు. మిగిలిన విశ్వవిద్యాలయాలలో ఈ వాటా తక్కువగా ఉండవచ్చు గానీ, చర్చలో పాల్గొన్నందుకు అసలు మార్కులు లేని కోర్సు మీకు అరుదుగానే తగులుతుంది.

మన పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఒక ప్రశ్నకు ఒకే సరైన జవాబు అన్న పద్ధతిలో, నిమిషానికో బిట్ చొప్పున సాధన చేసి వచ్చినవారికి, సరైన జవాబే లేని ప్రశ్న మీద తొంభై మంది ఎదుట ఒక నిర్ణయం చెప్పి నిలబడటం కొత్త. పైగా గురువుగారి మాటకు ఎదురు చెప్పకపోవడం మనకు మర్యాద. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల మీద జరిపిన సర్వే ఆధారంగా, అధికారంలో ఉన్నవారికీ లేనివారికీ మధ్య దూరాన్ని సమాజం ఎంతవరకు అంగీకరిస్తుందో దేశాలవారీగా అంకెలలో చూపాడు. అందులో భారతదేశానికి 77, అమెరికాకు 40 వచ్చాయి. ఒక దేశాన్ని ఒక అంకెకు కుదించడం మీద విమర్శలున్నాయి, అవి సబబైనవే. అయినా తరగతిలో మన పిల్లల మౌనానికి తెలివి తక్కువతనంతో సంబంధం లేదని గ్రహించడానికి ఆ తేడా పనికొస్తుంది. అక్కడి ప్రొఫెసర్ ఆ మౌనాన్ని వినయంగా చూడరు, చదవకుండా వచ్చారని అనుకుంటారు. ఆయన వాదనలోని లోపాన్ని ఆధారంతో, నెమ్మదైన మాటతో ఎత్తిచూపిన విద్యార్థిని ఆయన గుర్తుపెట్టుకుంటారు.

ఉచ్చారణ గురించి బెంగ పెట్టుకునేవారు చాలామంది ఉన్నారు. యాస మార్చుకోవలసిన అవసరం లేదు. వేగం తగ్గించి, వాక్యాన్ని పూర్తి చేసి, ముందు నిర్ణయం చెప్పి తర్వాత కారణం చెప్పడం అలవాటు చేసుకుంటే చాలు. తరగతి మొదలైన పది నిమిషాలలోపే ఒక మాట మాట్లాడితే భయం సగం తీరిపోతుంది. ఆలస్యం చేసినకొద్దీ మనం చెప్పదలచింది మరొకరు చెప్పేస్తారు. ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం కేటాయించే ఆఫీస్ అవర్స్‌లో వెళ్లి కలవడానికీ మనవాళ్లు జంకుతారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, అక్కడ ఇది మరీ నిజం.

తరగతి కంటే ముఖ్యమైనది స్టడీ గ్రూప్. నా దృష్టిలో డిగ్రీకి గుండెకాయ అదే. నలుగురైదుగురిని ఒక జట్టుగా వేసి, సెమిస్టర్ పొడుగునా ప్రాజెక్టులు చేయిస్తారు. ఒక కొరియా విద్యార్థి, సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక అమెరికన్, బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి, మీరు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారనుకోండి. ఎవరూ ఎవరికీ బాస్ కారు, ఎవరినీ తీసేయడానికి లేదు, మార్కులు మాత్రం అందరికీ కలిపే వస్తాయి. అప్పుడు పని పంచుకునే తీరు గమనించండి. ఎక్సెల్ లెక్కలు, డేటా, స్లైడ్ల తయారీ మన తెలుగు విద్యార్థి తనంతట తాను మీద వేసుకుంటాడు, అందులో అతనికి తిరుగులేదు. సమస్యను నిర్వచించే పని, క్లయింట్‌తో మాట్లాడే పని, చివర్లో వేదిక మీద నిలబడి చెప్పే పని వేరేవారికి పోతాయి. రాత్రంతా మేలుకొని లెక్క తేల్చినవాడు మన అబ్బాయి, ఆ లెక్కకు అర్థం ఏమిటో కంపెనీ అధికారులకు చెప్పినది మరొకరు. రెండేళ్లూ ఇలాగే గడిస్తే, మనవాడు మంచి విశ్లేషకుడిగా బయటికొస్తాడు, జట్టును నడిపే అనుభవం మాత్రం అతని ఖాతాలో ఉండదు. అందుకే గట్టిగా చెబుతున్నాను, మొదటి ప్రాజెక్టులో లెక్కలు చేస్తే రెండో ప్రాజెక్టులో ప్రజెంటేషన్ అడిగి తీసుకోండి.

పని చేయని సభ్యుడు ప్రతి జట్టులోనూ ఒకరు తగులుతారు. అతని వాటా కూడా మనమే చేసి ఊరుకోవడం మనకు తేలిక, ప్రొఫెసర్‌కు ఫిర్యాదు చేయడం అంతకంటే తేలిక. ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో మొదటి వారంలోనే కాగితం మీద రాసుకుని, తప్పిన వెంటనే ఆ మనిషిని పక్కకు పిలిచి, నిందించకుండా కారణం అడిగి, మళ్లీ గడువు ఖరారు చేయడం కష్టమైన పని. నాయకత్వపు పని అదే. సెమిస్టర్ చివర సహాధ్యాయులు ఒకరి గురించి ఒకరు ఇచ్చే అభిప్రాయాలను కూడా మార్కుల కోసం చూడకండి. మన ఇంట్లోనో ఆఫీసులోనో మొహమాటం కొద్దీ ఎవరూ చెప్పని నిజాలు వాటిలో ఉంటాయి.

చికాగో విశ్వవిద్యాలయపు బూత్ స్కూల్‌లో 1989 నుంచి లీడ్ అనే కోర్సు నడుస్తోంది. ఫుల్‌టైమ్ ఎంబీఏ మొదటి సంవత్సరం విద్యార్థులకు దాన్ని రెండో సంవత్సరం విద్యార్థులే నడిపిస్తారు. నేర్చుకునేవారి కంటే నేర్పేవారే ఎక్కువ లాభపడే ఏర్పాటు ఇది. అవకాశం ఉన్న ప్రతి చోటా టీచింగ్ అసిస్టెంట్ పనినో, ట్యూటర్ పనినో అడగమని నేను చెప్పేది ఇందుకే.

మనకు గర్వకారణమైన ఇద్దరి పేర్లు ఇక్కడ చెప్పాలి. మైక్రోసాఫ్ట్‌కు సీఈఓ అయిన సత్య నాదెళ్ల, అడోబ్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి సీఈఓ అయిన శంతను నారాయణ్ ఇద్దరూ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకున్నారు, ఇద్దరూ ఇంజనీరింగ్ తర్వాత ఎంఎస్ చేయడానికే అమెరికా వెళ్లారు. ఉద్యోగాలు చేస్తూనే నాదెళ్ల చికాగో బూత్‌లో, నారాయణ్ బర్కిలీలో ఎంబీఏ చదివారు. వారాంతాల్లో చికాగోకు విమానంలో వెళ్లివస్తూ నాదెళ్ల 1997లో డిగ్రీ పూర్తి చేశారు. ఆయన సీఈఓ అయినది 2014లో. నడుమ ఉన్న పదిహేడేళ్లను చూడండి. డిగ్రీ పట్టా ఎవరినీ నాయకుణ్ణి చేయదు, చిన్న జట్లను నడుపుతూ వచ్చిన ఆ ఏళ్లన్నీ కలిసి చేస్తాయి.

తరగతి బయట ఏం చేయాలన్నది వీసా నియమాలను బట్టి ఉంటుంది. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవారు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే మొత్తం చదువే ప్రమాదంలో పడుతుంది, ఎవరు ఆశ చూపినా వెళ్లవద్దు. క్యాంపస్ డైనింగ్ హాల్‌లో పని దొరికితే చిన్నతనంగా భావించకండి. షిఫ్ట్ సూపర్‌వైజర్ అయిన విద్యార్థి ఇరవై మంది డ్యూటీ వేళలు సర్దుతాడు, రాని మనిషికి బదులు వెతుకుతాడు, రద్దీ వేళ గొడవలు చల్లారుస్తాడు. ఇంటర్వ్యూలో మీరు నడిపిన జట్టు గురించి చెప్పమన్నప్పుడు ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు. చదువు తర్వాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని అనుభవం కోసం ఇచ్చే అనుమతి కింద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) గుర్తింపు ఉన్న డిగ్రీ అయితే మరో 24 నెలలు పనిచేసే వీలుంది. కొన్ని బిజినెస్ డిగ్రీలకు ఈ గుర్తింపు ఉంది, కొన్నిటికి లేదు కాబట్టి చేరకముందే విశ్వవిద్యాలయాన్ని అడిగి తేల్చుకోండి.

ఇంకొక మాట కొంచెం చనువు తీసుకుని చెబుతాను. నలుగురు తెలుగువాళ్లు ఒక ఇంట్లో ఉండి, తెలుగువాళ్లతోనే వండుకుని, తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోనే సలహాలు అడుగుతూ డిగ్రీ ముగించేవారు ఉన్నారు. పరాయి చోట మనవాళ్ల తోడు అవసరమే, జ్వరం వచ్చిన రోజున దాని విలువ తెలుస్తుంది. అయితే ఉగాది వేడుక జరిపేటప్పుడు హాలు బుక్ చేయడం, విద్యార్థులు ఎన్నుకున్న స్టూడెంట్ గవర్నమెంట్ నుంచి నిధులు తేవడం వంటి పనులు మీద వేసుకోండి, ఆ వేడుకకు మీ స్టడీ గ్రూప్‌లోని కొరియా, బ్రెజిల్ మిత్రులనూ పిలవండి. వచ్చే ఏడాది మనవాళ్ల విద్యార్థి సంఘంతో పాటు కన్సల్టింగ్ క్లబ్‌కో, ఫైనాన్స్ క్లబ్‌కో ఎన్నికల్లో నిలబడండి. ఓడిపోయినా ఓట్లడిగిన అనుభవం మీకు మిగులుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ఫోన్ చేసినప్పుడల్లా ఉద్యోగం సంగతి ఏమైందని అడిగితే, పిల్లలు రిస్కు లేని పనులే ఎంచుకుంటారు. ఈ వారం క్లాసులో ఏం మాట్లాడావు, మీ గ్రూపులో ఎవరితో పేచీ వచ్చింది, దాన్ని ఎలా సర్దావు అని కూడా అడగండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు, ముందుగా వెనుక వరుసల్లో ఉన్న విద్యార్థులకు మైకు ఇవ్వవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను.