ఉప్పు వేస్తే చిక్కబడింది, ఇంకా వేస్తే నీళ్ళయింది

హోస్ట్: నమస్తే. ఈ వారం ప్రశ్న కోవూరు నుంచి వచ్చింది. డ్వాక్రా గ్రూపులో ఉన్న ఒకావిడ వాయిస్ మెసేజ్ పెట్టారు. గిన్నెలు తోమే లిక్విడ్ తయారు చేసి చుట్టుపక్కల అంగళ్ళకు వేస్తారట. ఉప్పు కలిపితే బాగా చిక్కబడిందట. ఇంకొంచెం చిక్కగా ఉంటే అంగడాయన ఇంకా మెచ్చుకుంటాడని మరో రెండు గుప్పిళ్ళు వేశారు. అంతే, నీళ్ళలా జారిపోయిందట. ఉప్పు కల్తీదా అని అడుగుతున్నారు. అక్కా, కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది మీరు, మీరే చెప్పాలి.

అక్క: ఉప్పును మాత్రం అనకు తమ్ముడూ, ఉప్పు పండించే ఇస్కపల్లి వాళ్ళు ఊరుకోరు. చిక్కబడిందీ ఉప్పు వల్లే, పలచబడిందీ ఉప్పు వల్లే. రెండూ అది చేసే పనులే.

హోస్ట్: అదెట్లా?

అక్క: ఈ లిక్విడ్‌లో జిడ్డు వదిలించే సరుకు యాసిడ్ స్లర్రీ అయినా, ఎస్.ఎల్.ఇ.ఎస్. అనే సోడియం లారిల్ ఈథర్ సల్ఫేట్ అయినా ఒక్కో అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలకు నీళ్ళంటే ఇష్టం. తోక నూనె జాతిది, దానికి నీళ్ళు పడవు. నీళ్ళలో కొంచెమే ఉంటే అణువులు విడివిడిగా తిరుగుతుంటాయి. ఒక హద్దు దాటగానే తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టుకుని గుంపు కడతాయి. ఆ గుంపును మిసెల్ అంటారు. ఇదే జాతికి చెందిన సోడియం లారిల్ సల్ఫేట్‌కు మంచినీళ్ళలో ఆ హద్దు లీటరుకు సుమారు 2.3 గ్రాములు. గుంపుకు అరవై చిల్లర అణువులు, మొత్తం వెడల్పు నాలుగైదు నానోమీటర్లు. ఇట్లా గుంపు కడతాయని మెక్‌బెయిన్ అనే ఆయన 1913 ప్రాంతంలో చెబితే మొదట్లో పెద్దగా ఎవరూ నమ్మలేదు.

హోస్ట్: మరి గుంపులు కట్టగానే చిక్కబడాలి కదా?

అక్క: పడదు. అవి చిన్న బంతులు. ఒకదాని పక్క నుంచి ఇంకొకటి సులువుగా జరిగిపోతుంది. చిక్కదనం రావాలంటే బంతులు పొడుగ్గా సాగాలి, అక్కడే ఉప్పు అవసరం. ఈ తలలన్నిటి మీదా రుణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఎడంగా నిలబడతాయి. తలలు ఎడంగా ఉంటే గుంపు గుండ్రంగానే ఉంటుంది. ఉప్పు వేశామా, సోడియం అయాన్లు తలల చుట్టూ చేరి ఆ తోపులాటను తగ్గిస్తాయి. తలలు దగ్గరికి జరుగుతాయి. అప్పుడు బంతి ఆకారం వాటికి కుదరదు, కడ్డీ ఆకారం కుదురుతుంది.

హోస్ట్: ఎంత దగ్గరైతే కడ్డీ అవుతుందో లెక్క ఉందా?

అక్క: ఉంది. 1976లో ఇజ్రాయెలాచ్‌విలి, మిచెల్, నిన్‌హామ్ అని ముగ్గురు ఇచ్చారు. తోక ఘనపరిమాణాన్ని, తల ఆక్రమించే చోటుతో తోక పొడవును గుణించి వచ్చినదానితో భాగించు. మూడో వంతు కంటే తక్కువొస్తే బంతి. మూడో వంతుకూ సగానికీ మధ్య అయితే కడ్డీ. సగం దాటితే పొరలు. ఉప్పు వల్ల తల ఆక్రమించే చోటు తగ్గుతుంది, లెక్క పైకి పోతుంది. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చేది ఈ చిన్న లెక్కే.

హోస్ట్: కడ్డీ ఎంత పొడవు పెరుగుతుంది?

అక్క: కడ్డీకి రెండు కొసలుంటాయి కదా. కొసల దగ్గర మాత్రం అణువులు మళ్ళీ సగం బంతిలా వంగి కూర్చోవాలి. అది వాటికి ఇబ్బంది. అందుకని కొసలు తక్కువయ్యే దారి చూస్తాయి, రెండు కడ్డీలు అతుక్కుని ఒకటవుతాయి. మందం ఆ నాలుగైదు నానోమీటర్లే ఉంటుంది, పొడవు మాత్రం మైక్రోమీటర్ల దాకా పోవచ్చు. మెలికలు తిరిగి పురుగుల్లా ఉంటాయని వీటిని వార్మ్‌లైక్ మిసెల్స్ అంటారు. ఉడికిన సేమ్యాలా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. లిక్విడ్ చిక్కబడేది అప్పుడే.

హోస్ట్: ప్లాస్టిక్ పాలిమర్ గొలుసుల్లాగా?

అక్క: దాదాపు అంతే. కాకపోతే పాలిమర్ గొలుసు తెగితే తెగినట్టే. ఇవి వాటంతట అవే తెగి మళ్ళీ అతుక్కుంటూ ఉంటాయి. 1987లో కేట్స్ అనే భౌతిక శాస్త్రవేత్త వీటిని జీవించే పాలిమర్లుగా చూసి లెక్కకట్టారు. చిక్కుముడి రెండు దారుల్లో వదులవుతుంది. పురుగు పాక్కుంటూ బయటపడొచ్చు, లేకపోతే మధ్యలో తెగి వదిలించుకోవచ్చు.

హోస్ట్: సరే అక్కా, ఆ రెండు గుప్పిళ్ళ సంగతి చెప్పండి. ఆవిడ దానికోసమే వింటుంటారు.

అక్క: చెప్తా. ఉప్పు ఇంకా పెరిగితే కొసలు పక్కనున్న పురుగు నడుముకు అతుక్కోవడం మొదలవుతుంది, కొమ్మలు పుడతాయి. కొమ్మ పుట్టిన జాయింటు ఒకచోట నిలవదు, పురుగు వెంట జారుతూ పోతుంది. దాంతో చిక్కుముడులు సులువుగా విడిపోతాయి, లిక్విడ్ పలచబడుతుంది. ఇంకా వేస్తే సబ్బు, నీళ్ళు వేరుపడి మబ్బుగా కనిపిస్తాయి. గ్రాఫు గీస్తే గుట్టలా ఉంటుంది, దాన్ని సాల్ట్ కర్వ్ అంటారు. ఆవిడ గుట్ట ఎక్కి అవతలికి దిగిపోయారు.

హోస్ట్: మరి ఆ సరుకు పారబోయాల్సిందేనా?

అక్క: అక్కర్లేదు. ఉప్పు వేయకుండా అదే పాళ్ళతో ఇంకో బ్యాచ్ చేసి కొద్దికొద్దిగా కలుపుతూ పోతే గుట్ట మీదికి వెనక్కి రావచ్చు. ఇకముందు గుప్పిళ్ళు మానేసి తూకం వేయమను. ముందు చిన్న గ్లాసుల్లో ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు కలిపి చూసుకుంటే గుట్ట ఎక్కడుందో తెలిసిపోతుంది. స్లర్రీలో కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం మిగిలి ఉంటుంది. కాస్టిక్ సోడా కలిపినప్పుడు అది సోడియం సల్ఫేట్ అవుతుంది, అదీ ఉప్పు జాతే. అంటే ఆవిడ చెయ్యి పెట్టకముందే కొంత ఉప్పు పడినట్టే. అందుకే డ్రమ్ము మారితే మళ్ళీ చూసుకోవాలి. సెంటు కలిపాక కూడా చూడాలి, సెంటు నూనె మిసెల్ లోపలికి దూరితే చిక్కదనం అటూ ఇటూ అవుతుంది.

హోస్ట్: నూనెతో అంత తేడానా?

అక్క: దాని మీద పరిశ్రమే ఉంది. చమురు బావుల్లో రాయి పగలగొట్టడానికి ఇట్లాంటి చిక్కటి ద్రవాలు పంపుతారు. లోపల చమురు తగలగానే పురుగులు మళ్ళీ బంతులైపోతాయి, ద్రవం పలచబడి సులువుగా బయటికొస్తుంది.

హోస్ట్: చిక్కగా ఉంటే గిన్నెల జిడ్డు బాగా పోతుందా?

అక్క: ఆ నమ్మకం చూస్తే నాకు నవ్వొస్తుంది. జిడ్డు పోగొట్టేది అందులో ఉన్న సబ్బు సరుకు. చిక్కదనం చాలావరకు ఉప్పు సొమ్ము. నీళ్ళలో కలపగానే ఆ పురుగులెట్లాగూ చెదిరిపోతాయి. కానీ అంగట్లో సీసా వంచి చూసి కొనేవాళ్ళకు ఇవన్నీ ఎవరు చెబుతారు?

హోస్ట్: ఆఖరి ప్రశ్న. ఎండాకాలంలో?

అక్క: వేడికి పురుగులు పొట్టివవుతాయి, చిక్కదనం తగ్గుతుంది. జనవరిలో కుదిరిన పాళ్ళు నెల్లూరు మే నెలకు చాలకపోవచ్చు. అమ్మే ముందు ఒక సీసా మధ్యాహ్నం వరండాలో పెట్టి, వంచి చూసుకోమను.