రాగి రేకుపై కలకత్తా

శ్రోతలకు నమస్కారం. ఫోటోగ్రఫీ పుట్టకముందటి కలకత్తా వీధులను ఈనాడు మనం చూడగలుగుతున్నామంటే, అందుకు చాలావరకు కారణం, కంపెనీ పాలనలో పొట్ట చేతబట్టుకొని అక్కడికి వచ్చిన ఐరోపా చిత్రకారులు రాగి రేకులపై గీసి అచ్చువేసిన బొమ్మలే.

ఇంగ్లండు నుంచి వచ్చిన థామస్ డేనియల్, తన సోదరుని కుమారుడు విలియమ్‌తో కలిసి, 1786కూ 1788కీ మధ్య 12 నగర దృశ్యాలను అక్కడే ఆక్వాటింట్ పద్ధతిలో ముద్రించారు. రాగి రేకుపై గుగ్గిలం పొడి చల్లి, వేడితో అంటించి, ఆపై ఆమ్లం తగిలిస్తే, రేణువుల సందుల్లో మాత్రమే లోహం తినివేయబడి, అచ్చులో నీటిరంగుల వంటి మెత్తని ఛాయ వస్తుంది. చిత్రకారుడు, చెక్కేవాడు, కంచరి, అచ్చువేసేవాడు అన్నీ తానే కావలసి వచ్చిందని థామస్ ఒక మిత్రునికి రాసుకున్నారు. ఆ దృశ్యాలలో ఒకదాని శీర్షికలో ‘జెంటూ’ అన్న మాట ఉంది. మద్రాసు ఇంగ్లీషువారి నోట అది తెలుగువారికీ తెలుగు భాషకూ పేరు. కలకత్తాలో మాత్రం హిందువు అని అర్థం.

డేనియల్ బొమ్మల్లో తెల్లని స్తంభాల భవనాలదే పెద్దరికం. మనుషులు వాటి కొలత తెలపడానికి నిలబెట్టినట్టు చిన్నగా కనిపిస్తారు. 1791లో, నేటి బెల్జియంలోని ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన చిత్రకారుడు బాల్తజార్ సొల్విన్స్ ఈ వరుసను తిరగేశారు. బండ్లకూ పల్లకీలకూ రంగులు వేసి బతుకుతూనే, 250 ఎచింగులను, అంటే రేకుపై గీతలను ఆమ్లంతో తినిపించి అచ్చువేసిన బొమ్మలను, 12 భాగాలుగా కూర్చారు. మొదటి భాగంలోని 66 బొమ్మలు కులవృత్తులవి. ఆ తరువాత దొర హుక్కా చూసుకునే హుక్కాబర్దారు, వెండి బెత్తం పట్టుకొని ముందు నడిచే చోపుదారు వంటి నౌకర్లు, పల్లకీలు, పడవలు, వాద్యాలు, పండుగలు. వృత్తుల బొమ్మల్లో ఎదుట ఒక్క మనిషి నిలువెత్తున నిలబడితే, అతని పని తాలూకు పరిసరం వెనుక ఉంటుంది. గీత మొరటే, రంగు మసకే. అయినా కూలి చేసి బతికే మనిషిని ఇంత శ్రద్ధగా చూసిన కన్ను ఆనాటి కలకత్తాలో అరుదని నా అభిప్రాయం.

కొనేవారికి మాత్రం ఆ మసక రుచించలేదు. లండనులో ఎడ్వర్డ్ ఓర్మ్ అనే ప్రచురణకర్త వాటిలో 60 బొమ్మలను, సొల్విన్స్ అనుమతి లేకుండానే, ముద్దొచ్చే రంగుల్లో తిరిగి గీయించి అమ్ముకున్నారు. సొల్విన్స్ 1808 నుంచి 1812 వరకు పారిస్‌లో 288 చిత్రాలతో నాలుగు సంపుటాలు వెలువరించినా, యూరప్‌లో యుద్ధాలు సాగుతున్న ఆ రోజుల్లో అంత ఖరీదైన పుస్తకం కొనే నాథుడు లేకపోయాడు. ఆయన ఆంట్వెర్ప్‌కు తిరిగి వెళ్లి, ఓడరేవు అధికారిగా పనిచేసి, 1824లో మరణించారు.