రెండు నిమిషాల చప్పట్లు

శ్రోతలకు నమస్కారం.

చిత్తూరులో మా వీధిలో ఒకతను ఉన్నాడు. పేరు అక్కర్లేదు, పార్టీ పేరు అంతకన్నా అక్కర్లేదు. రేడియోలో కూర్చున్నాక ఆ మాత్రం జాగ్రత్త తప్పదు. ముప్పై ఏళ్లుగా ఒకే జెండా మోస్తున్నాడు. పోస్టర్లకు మైదా జిగురు కాయడం దగ్గర్నుంచి పోలింగ్ రోజు స్లిప్పులు పంచడం దాకా మా వార్డులో అన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి. కొన్నేళ్ల కిందట వాళ్ల పార్టీ జాతీయ మహాసభకు ప్రతినిధిగా వెళ్లొచ్చాడు. కొత్త అధ్యక్షుడిని ఎన్నుకునేది అక్కడే. వచ్చిన మర్నాడు టీ అంగడి దగ్గర కనబడితే, "ఎట్ల జరిగిందప్పా ఎన్నిక?" అని అడిగాను.

"ఏముంది సార్. రెండు రోజులు రైల్లో పోతిమి. పేరు చదివిరి. చప్పట్లు కొడితిమి. భోంచేస్తిమి. వస్తిమి" అన్నాడు.

"పోటీ లేదా?"

"పోటీ యాడుంది సార్, ఏకగ్రీవం!"

ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో గర్వం ఉంది. నాకేమో ఆ మాట మీదే మనసు ఆగిపోయింది. గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరికీ కలిపి ఒకటే మెడ అన్నమాట. అది ఊపితే అందరి తలా ఊగినట్టే. మన పల్లెల్లో సర్పంచ్ ఎన్నికప్పుడు ఈ మాట బాగా వినబడుతుంది. పెద్దమనుషులు రాత్రి పూట రచ్చబండ దగ్గర కూర్చుంటారు. గుడికి ఇంత ఇస్తానన్న మనిషిని ఖాయం చేసుకుంటారు. మిగతావాళ్ల చేత నామినేషన్లు వెనక్కి తీయిస్తారు. పేపర్లో ఏకగ్రీవం అని పడుతుంది. అసలు ఎన్నిక రాత్రే అయిపోయింది, ఓటర్లు ఓ పదిమంది.

జాతీయ పార్టీల అధ్యక్షుల ఎన్నిక గురించి నేను ఈ రోజు చెప్పబోయేది కూడా ఇంచుమించు అదే. చివరి రోజు చూసేది లెక్కింపు. ఎన్నిక అంతకు చాలా ముందే, ప్రతినిధుల జాబితా రాసిన రోజునే అయిపోతుంది.

ముందు చట్టం మాట కాస్త. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ అనే సెక్షన్ 1988లో చేర్చారు. పార్టీగా నమోదు కావాలంటే తన నియమావళిని ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. పదవులకు 5 ఏళ్లు మించకుండా ఎన్నికలు జరుపుతామని అందులో రాసి ఉండాలని సంఘం అడుగుతుంది. ఎవరు ఓటెయ్యాలి, ఎట్లా వెయ్యాలి అన్నది పార్టీ ఇష్టం. సరే, రాసుకున్నట్టు జరపకపోతే? 2002లో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చి చెప్పింది: మోసం చేసి నమోదు కావడం లాంటి రెండు మూడు సందర్భాల్లో తప్ప, ఒకసారి నమోదైన పార్టీని తీసేసే అధికారం సంఘానికి లేదు. బడిలో అయ్యవారు ఉన్నాడు గానీ చేతిలో బెత్తం లేదు. అయితే నోరు మాత్రం ఉంది. 2022 జూలైలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీలో జీవితకాల అధ్యక్షుడు అన్న మాట వచ్చినప్పుడు, శాశ్వత పదవులు ప్రజాస్వామ్యానికి విరుద్ధమని సెప్టెంబర్‌లో సంఘం ఆ పార్టీకి రాసింది.

మనకు బాగా తెలిసిన ఇంకో పార్టీ తెలుగుదేశం. 1983లో ఎన్టీ రామారావు గారు మన తిరుపతి నుంచి కూడా గెలిచారు. అక్కడ అధ్యక్షుడిని ఎన్నుకునే వేదిక మహానాడు. చంద్రగిరి మండలం నారావారిపల్లెకు చెందిన చంద్రబాబు నాయుడు గారు 1995 నుంచి ఆ పార్టీ అధ్యక్షులు. 2025 మేలో కడప మహానాడులోనూ ఏకగ్రీవమే. మా వీధి మిత్రుడి మాటలో చెప్పాలంటే, చప్పట్లు కొడితిమి, భోంచేస్తిమి. ఈ రెండు పార్టీల సంగతి ఇంతటితో వదిలేద్దాం, లేకపోతే ఇంటికి పోయేదారిలో నన్ను రెండు వైపులా ఆపుతారు.

బీజేపీ నియమావళి చూస్తే మెట్లు కట్టినట్టు ఉంటుంది. బూత్, మండలం, జిల్లా, రాష్ట్రం. కనీసం సగం రాష్ట్రాల్లో సంస్థాగత ఎన్నికలు పూర్తయితేనే జాతీయ అధ్యక్షుడి ఎన్నిక. జాతీయ మండలి, రాష్ట్ర మండళ్ల సభ్యులు ఓటర్లు. ఒక రాష్ట్రం నుంచి 20 మంది ఓటర్లు కలిసి పేరు ప్రతిపాదించాలి, అలాంటి ప్రతిపాదనలు కనీసం 5 రాష్ట్రాల నుంచి రావాలి. అభ్యర్థికి 15 ఏళ్ల సభ్యత్వం ఉండాలి. పదవీకాలం మూడేళ్లు, వరసగా రెండుసార్లు ఉండొచ్చు. మన తెలుగువాళ్లలో బంగారు లక్ష్మణ్ 2000లో, వెంకయ్య నాయుడు 2002లో ఆ కుర్చీలో కూర్చున్నారు. ఇన్ని మెట్లు కట్టుకున్న ఆ పార్టీలో, 1980లో పుట్టినప్పటి నుంచి అధ్యక్ష పదవికి ఓట్లు లెక్కపెట్టే అవసరం ఒక్కసారీ రాలేదు. మెట్లన్నీ ఎక్కి పైకి చేరేసరికి పేరు ఒక్కటే మిగులుతుంది.

కమ్యూనిస్టుల దారి వేరు. అక్కడ పెద్ద పదవి ప్రధాన కార్యదర్శిది. మహాసభకు వచ్చిన ప్రతినిధులు కేంద్ర కమిటీని ఎన్నుకుంటారు, ఆ కమిటీ కార్యదర్శిని ఎన్నుకుంటుంది. పాత కమిటీయే కొత్త కమిటీకి ఒక ప్యానెల్ తయారుచేసి పెడుతుంది. కాదనేవాళ్లు పోటీ పడొచ్చు. 2025 ఏప్రిల్‌లో మదురైలో జరిగిన సీపీఎం మహాసభలో మహారాష్ట్ర నాయకుడొకరు అలా నిలబడ్డారు. ఆయనకు 31 ఓట్లు వచ్చాయి. ఓడిపోయారు. కానీ 31 మంది ఉన్నారని అందరికీ తెలిసింది కదా.

ఇప్పుడు మన చిత్తూరు ముచ్చట ఒకటి. కట్టమంచి అనగానే మనకు చెరువు గుర్తొస్తుంది, చదువుకున్నవాళ్లకు సి.ఆర్. రెడ్డి గారు గుర్తొస్తారు. అదే కట్టమంచిలో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు గారు 1891లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షులయ్యారు. మద్రాసు హైకోర్టులో పేరుమోసిన వకీలు. 1885లో బొంబాయిలో కాంగ్రెస్ పుట్టినప్పుడు హాజరైన 72 మందిలో ఒకరు. ఆ రోజుల్లో అధ్యక్షుడంటే ఆ ఏటి సభకు పెద్ద. సభ జరిగే ఊళ్లో ఆహ్వాన సంఘం ఏర్పడేది, పేరు ఖాయం చేయడంలో దానిదే పెద్ద చెయ్యి. ఓ రకంగా పెళ్లికి పెద్దను పిలిచినట్టు. ఇంత పెద్దమనిషి మన ఊరివాడని మా కాలేజీలో అడిగితే ఒక్క పిల్లవాడూ చెప్పలేదు. పిల్లల్ని అనడమెందుకు, నాకూ నలభై దాటాకే తెలిసింది.

పిలుపుతో జరిగిపోయే ఆ పద్ధతికి గట్టి దెబ్బ తగిలింది 1939లో. సుభాష్ చంద్రబోస్ ఒక పక్క, మచిలీపట్నం డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారు ఇంకో పక్క. గాంధీజీ ఆశీస్సులు పట్టాభి గారికి. రాష్ట్రాల్లో ప్రతినిధులు ఓట్లేశారు. బోస్‌కు 1580, పట్టాభి గారికి 1377. పట్టాభి ఓటమి నా ఓటమే అని గాంధీజీ అన్నారు. 203 ఓట్ల తేడాతో గెలిచిన బోస్ ఏం చేయగలిగారు? కార్యవర్గాన్ని గాంధీజీ అభీష్టం ప్రకారమే వేసుకోవాలని ఆ ఏటి త్రిపురి మహాసభలో గాంధీజీ వైపు వాళ్లు తీర్మానం పెట్టి నెగ్గించారు. ఏప్రిల్ చివరికల్లా బోస్ రాజీనామా చేశారు. కుర్చీ చేతికొచ్చింది, కుర్చీ చుట్టూ ఎవరు కూర్చోవాలన్నది చేతికి రాలేదు. పట్టాభి గారు 1948లో పోటీ చేసి గెలిచారు లెండి.

ఈ సంగతి చెప్పడానికి త్రిపురి దాకా పోనక్కర్లేదు. తిరుపతిలోనే చూశాను.

1992 ఏప్రిల్. నేను యూనివర్సిటీలో చదువుతున్నాను. తిరుపతిలో కాంగ్రెస్ ప్లీనరీ. ప్రధాని పి.వి. నరసింహారావు గారే పార్టీ అధ్యక్షులు కూడా. అంతకు ముందు ఏడాది మేలో, మనకు దగ్గరే ఉన్న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగాక కార్యవర్గం ఆయన పేరు ఖాయం చేసింది. ఊరంతా ఖద్దరు చొక్కాలు. లాడ్జీల్లో, సత్రాల్లో గది లేదు. ఏప్రిల్ ఎండ సంగతి తిరుపతి వాళ్లకు చెప్పాల్నా! ఉత్తరాది ప్రతినిధులు పొద్దున్నే కొండకు పోయి గుండు కొట్టించుకుని, నెత్తిన తడి తువ్వాలుతో సభకు వస్తుంటే మా హాస్టల్ కుర్రాళ్లం రోడ్డు పక్క నిలబడి లెక్కపెట్టేవాళ్లం. వీళ్లలో ఓటున్నవాళ్లెవరు, దర్శనానికి వచ్చినవాళ్లెవరు అని మాలో మాకు పందెం.

ఆ సభ ఎందుకు ముఖ్యమంటే, దాదాపు రెండు దశాబ్దాల తర్వాత కాంగ్రెస్‌లో వర్కింగ్ కమిటీకి, అంటే పార్టీ కార్యవర్గానికి, ఓట్ల ద్వారా ఎన్నిక పెట్టారు. పీవీ గారే పెట్టించారు. అర్జున్ సింగ్ మంచి ఓట్లతో గెలిచారు, శరద్ పవార్ గెలిచారు. ఇద్దరూ పీవీ గారికి ఎదురు నిలబడగలిగిన మనుషులు. ఫలితాలు చూశాక పీవీ గారు ఒక మాటన్నారు: గెలిచినవాళ్లలో దళితులు లేరు, గిరిజనులు లేరు, ఒక్క మహిళా లేదు. ఆ మాట నిజమే. దాంతో ఎన్నికైనవాళ్ల చేత రాజీనామాలు చేయించి కమిటీని మళ్లీ కూర్చారు. అర్జున్ సింగ్, పవార్ ఈసారి నామినేట్ అయిన సభ్యులుగా లోపలికి వచ్చారు.

చూశారా ఆ పట్టు? సొంత ఓట్లతో వచ్చినవాడు ఎదురు నిలబడగలడు. అధ్యక్షుడు చేర్చుకున్నవాడు, అదే మనిషి, అదే చొక్కా, కృతజ్ఞతతో కూర్చోవాలి. ఆయన చెప్పిన కారణం న్యాయమైనదే, అందుకే ఎవరూ గట్టిగా కాదనలేకపోయారు. నా మట్టుకు నాకు, అంత తెలివైన పని ఇంకెక్కడా కనబడలేదు, అంత అనుమానం కలిగించిన పని కూడా కనబడలేదు. తర్వాత 1997లో కలకత్తాలో మరోసారి వర్కింగ్ కమిటీకి ఎన్నికలు జరిగాయి. ఆ మీదట లేవు. 2023 ఫిబ్రవరిలో రాయపూర్‌లో ఎన్నిక వద్దని, నామినేట్ చేసే అధికారం అధ్యక్షుడికే ఇద్దామని తీర్మానించుకున్నారు.

అధ్యక్ష పదవికి మాత్రం కాంగ్రెస్‌లో పోటీలు జరిగాయి. 1997లో సీతారాం కేసరికి 6224, శరద్ పవార్‌కు 882, రాజేష్ పైలట్‌కు 354. 2000లో సోనియా గాంధీకి 7448, జితేంద్ర ప్రసాదకు 94. 2022 అక్టోబర్‌లో మల్లికార్జున ఖర్గేకు 7897, శశి థరూర్‌కు 1072, చెల్లనివి 416. ఏ రాష్ట్రం ఎటు వేసిందో తెలియకుండా పెట్టెలన్నీ ఢిల్లీకి తెచ్చి, ఓట్లు కలగలిపి లెక్కపెట్టారు. చక్కని ఏర్పాటే. ఓటర్లు ఎవరు? పీసీసీ, అంటే రాష్ట్ర కాంగ్రెస్ కమిటీల ప్రతినిధులు, బ్లాకుకు ఒకరు లెక్కన, తొమ్మిది వేల పైచిలుకు మంది. ఆ జాబితా బయట పెట్టండని ఓటింగ్‌కు ముందు పార్టీలోని వాళ్లే అడిగారు. పీసీసీ ఆఫీసుల్లో చూసుకోవచ్చని జవాబు వచ్చింది. చేతికొచ్చిన జాబితాలో చాలామంది ఫోన్ నంబర్లు లేవని థరూర్ అన్నారు. ఓటరు ఎక్కడున్నాడో తెలియకుండా ఓటు అడగడమంటే, శ్రీవారి బ్రహ్మోత్సవాల జనంలో తప్పిపోయిన మనిషిని వెతికినట్టే.

అమెరికాలో ఈ పదవిని ఛైర్మన్ అంటారు. అక్కడ ఛైర్మన్ దేశాధ్యక్షుడి అభ్యర్థి కాడు, పార్టీకి మేనేజర్ లాంటివాడు. చందాలు సేకరించాలి, ఎన్నికల ఏర్పాట్లు చూడాలి. రిపబ్లికన్ల జాతీయ కమిటీలో 168 మంది. ఒక్కో రాష్ట్రం, రాష్ట్ర హోదా లేని ఒక్కో ప్రాంతం నుంచి ముగ్గురు: ఒక పురుషుడు, ఒక మహిళ, ఆ రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు. డెమొక్రాట్ల కమిటీలో సుమారు 450 మంది. 2025 ఫిబ్రవరి 1న వాళ్లు మిన్నెసోటాకు చెందిన కెన్ మార్టిన్‌ను ఎన్నుకున్నారు. ఆ ఓటర్లు ఎవరో అభ్యర్థులందరికీ తెలుసు, ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి ఓటు అడుగుతారు. కోట్లమంది ఓటేసే పార్టీకి నాలుగు వందల మంది ఛైర్మన్‌ను ఎన్నుకోవడం చిన్న లెక్కే. అయినా ఎవరినడగాలో తెలిసిన లెక్క.

ఈ ప్రసంగం రాసుకుంటూ మొన్న మళ్లీ మా వీధి మిత్రుడిని పట్టుకున్నాను. అప్పట్లో అడగడం మరిచిపోయిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది.

"అప్పా, నువ్వు మహాసభకు పోయింటివి కదా. నిన్ను ప్రతినిధిగా ఎవరు ఎన్నుకున్నారు? మన వార్డులో ఎన్నిక జరిగిందా?"

"ఎన్నిక యాడ సార్! లిస్టులో నా పేరుందని ఫోన్ వచ్చింది. పోతిని."

"లిస్టు ఎవరు రాసినారు?"

టీ గ్లాసు కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఆ మాట అడిగితే మళ్లీసారి పేరుండదు సార్."

నమస్కారం.