కదలని నాణేలు

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ఇచ్చింది అరగంటే కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ వస్తోందని, ఐబీఎం వాళ్ల 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కలు కట్టే బిట్ల) యంత్రం పెడతారని పేపర్లో వచ్చిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగేది ఒకటే. "సార్, బిట్‌కాయిన్ పని అయిపోయినట్టేనా?" అయిపోలేదు. అంత శక్తి ఆ యంత్రానికి లేదు. నాణెం యజమాని ఎవరో రుజువు చేయడానికి బిట్‌కాయిన్ వాడే 256 బిట్ల ఎలిప్టిక్ కర్వ్ అనే డిజిటల్ సంతకాన్ని ఛేదించాలంటే, తప్పులు దిద్దుకోగల లాజికల్ క్యూబిట్లే రెండు వేలకు పైగా కావాలని 2017లో లెక్క కట్టారు. ఒక్కో లాజికల్ క్యూబిట్ వెనక మామూలు క్యూబిట్లు వందలూ వేలూ పనిచేయాలి.

అలాగని కాళ్లు బారజాపుకుని కూర్చోవడానికీ లేదు. ఇంటర్నెట్‌లో రహస్యాలు కాచే ఆర్‌ఎస్‌ఏ అనే మరో తాళాన్ని, 2048 బిట్లదాన్ని, ఛేదించడానికి రెండు కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో గిడ్నీ, ఎకెరా అనే పరిశోధకులు అన్నారు. 2025లో అదే గిడ్నీ పది లక్షల లోపే చాలన్నారు. తగ్గింది కేవలం లెక్క మెరుగుపడటం వల్ల. నాకు భయం వేసింది అక్కడే.

ఇంతకీ ప్రమాదం ఎక్కడుంది? సంతకం పెట్టడానికి మీ దగ్గరే ఉండే రహస్య సంఖ్య ప్రైవేట్ కీ, ఆ సంతకాన్ని ఇతరులు సరిచూసుకునేది పబ్లిక్ కీ. ప్రైవేట్ కీ నుంచి పబ్లిక్ కీ తీయడం తేలిక. వెనక్కి వెళ్లడం మామూలు కంప్యూటర్ వల్ల కాదు. క్వాంటమ్ కంప్యూటర్ వల్ల అవుతుందని పీటర్ షోర్ 1994లోనే చూపించారు. కాబట్టి మీ పబ్లిక్ కీ బయటపడిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మామూలు బిట్‌కాయిన్ అడ్రస్‌లో ఉండేది కీ కాదు, దాని హ్యాష్, అంటే వెనక్కి తిప్పలేని వేలిముద్ర లాంటిది. ఆ అడ్రస్ నుంచి మొదటిసారి డబ్బు పంపినప్పుడే కీ బయటపడుతుంది. తర్వాత కూడా అదే అడ్రస్‌లో డబ్బు ఉంచుకున్నారంటే కీ లోకానికంతా కనబడుతూనే ఉంటుంది. ఇథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్‌లో ఒక్కసారి సంతకం పెడితే అంతే సంగతులు. దాని మీద నడిచే టోకెన్లకూ, అంటే ఇతర డిజిటల్ నాణేలకూ, అదే గతి. కొన్ని టోకెన్లలో కొత్తవి ముద్రించే అధికారం ఒకే కీ చేతిలో ఉంటుంది, ఆ కీ దొంగ చేతికి చిక్కితే అందరి టోకెన్ల విలువా పోయినట్టే.

ఇక 2009, 2010 నాటి నాణేలున్నాయి. అప్పట్లో మైనింగ్ చేస్తే, అంటే కంప్యూటర్‌తో లెక్కలు కట్టి కొత్త నాణేలు సంపాదిస్తే, పబ్లిక్ కీనే నేరుగా బ్లాక్‌లో (అందరికీ కనబడే లావాదేవీల ఖాతాలో ఒక పేజీ లాంటిది) రాసేవారు. బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీవని చెప్పుకునే నాణేలు అలాంటివే. నా స్నేహితుడివీ అంతే.

నిజం చెప్పాలంటే ఇవాళ నేను వచ్చింది ఈ మాట చెప్పడానికే. వాడు 2010లో తన గది పీసీలో రాత్రుళ్లు మైనింగ్ చేశాడు. బ్లాక్‌కి 50 నాణేలు వచ్చే రోజులవి. తర్వాత ఆ పీసీని హార్డ్ డిస్క్‌తో సహా పాత సామాన్ల వాడికి వేశారు. ప్రైవేట్ కీ దాచిన వాలెట్ ఫైల్ దాంతోనే పోయింది. వాడూ పోయాడు. వాడి డైరీలో ఒక బ్లాక్ నంబరు మిగిలింది. చెల్లెమ్మ అడిగితే ఇంటర్నెట్‌లో ఆ బ్లాక్ తెరిచి చూపించాను. 50 నాణేలు, కింద 04తో మొదలయ్యే 130 అక్షరాల బారు, అదే పబ్లిక్ కీ. "కనబడుతున్నాయి కదా అన్నయ్యగారూ, తీసుకోలేమా?" అంది. తీసుకోలేం.

అది తెలిసి ఒకడు ఆవిడ దగ్గరికి వచ్చాడు. క్వాంటమ్ కంప్యూటర్‌తో తీసిపెడతానని అడ్వాన్స్ పట్టుకుపోయాడు. మీలో ఎంతమందికి "క్వాంటమ్ ప్రూఫ్ కాయిన్" అంటూ వాట్సాప్‌లో పిలుపులొచ్చాయి? చేతులెత్తండి. చూశారా, ఇన్ని చేతులు! రేపటి యంత్రం కంటే ముందు దాని పేరు చెప్పి దోచేవాడు వచ్చేశాడు. దయచేసి మీ ఇళ్లలో చెప్పండి, ఆ పని చేయగల యంత్రం ఇవాళ ఎవరి దగ్గరా లేదు.

ఒక తేదీ తర్వాత పాత సంతకాలను ఒప్పుకోకుండా, కదలని నాణేలను స్తంభింపజేయాలని బిట్‌కాయిన్ వాళ్లలో కొందరి వాదన. ఎవరి ఆస్తినీ ముట్టుకోవద్దని మరికొందరంటారు. నేను స్తంభింపజేయమనే వైపు. కీలను తిరిగి రాబట్టుకునే పన్నెండు రహస్య పదాల నుంచి పుట్టిన వాలెట్లయితే, ఆ పదాలు తెలుసని రుజువు చూపించి తర్వాతైనా విడిపించుకునే ఉపాయాలు ఆలోచిస్తున్నారు. 2010 వాలెట్లకు ఆ పదాలే లేవు. చెల్లెమ్మకు ఏ దారిలోనూ దక్కదు. అయినా ముందుగా యంత్రం కట్టినవాడి జేబులోకి మా వాడి కష్టం వెళ్లడం నాకు సమ్మతం కాదు.

క్వాంటమ్ కంప్యూటర్‌కు లొంగని కొత్త సంతకాలు సిద్ధంగానే ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ప్రకటించింది. చిక్కల్లా సైజుతోనే. ఇప్పటి సంతకం 70 బైట్లకు అటూ ఇటూ, కొత్తవాటిలో ఎంఎల్-డీఎస్‌ఏ అనేదాంట్లో చిన్నదే 2,420 బైట్లు. బ్లాక్‌లో చోటెక్కడిది? అందరూ ఒప్పుకుని మారడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలంటున్నాను.

వాడిన అడ్రస్‌లో డబ్బు ఉంచకండి. హ్యాష్ వెనక కీ దాగే కొత్త అడ్రస్‌కి మార్చుకోండి. ట్యాప్‌రూట్ అనే రకం బిట్‌కాయిన్ అడ్రస్‌లో కీ బయటే ఉంటుంది, గుర్తుంచుకోండి. ఎలాగో తెలియకపోతే సభ అయ్యాక కింద ల్యాబ్‌లో ఉంటాను, రండి. మీ పన్నెండు పదాలు మాత్రం నాక్కూడా చూపించకండి.