ఫోన్-ఇన్: వీల్ మాడ్చేస్తోంది, టిప్పులు తినేస్తోంది

వ్యాఖ్యాత: మెషిన్ షాపుల్లో కటింగ్, గ్రైండింగ్ పని గురించి ఈ రోజు ఫోన్-ఇన్. టూల్‌రూమ్‌లో 30 ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఇంజినీర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ విజయవాడ ఆటోనగర్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. స్టెయిన్‌లెస్‌కి డ్రిల్లు వేస్తుంటే రెండు మూడు రంధ్రాలకే బిట్టు పోతోందండీ. స్పీడ్ ఎంత పెట్టమంటారు?

నిపుణుడు: పెంచడం కాదు, తగ్గించండి. మామూలు హెచ్.ఎస్.ఎస్. (హైస్పీడ్ స్టీల్) బిట్టేనా?

కాలర్: అవునండీ, 10 ఎం.ఎం.

నిపుణుడు: 400 ఆర్.పి.ఎం. దగ్గర మొదలెట్టండి. ఫీడ్ మాత్రం ఆపకండి, అంటే బిట్టుని లోపలికి దింపుతూనే ఉండండి. మధ్యలో ఆపి రుద్దితే 304 రకం స్టెయిన్‌లెస్ అక్కడే గట్టిపడిపోతుంది. మళ్లీ ఆ పొరలోకి దిగాలంటే బిట్టు ప్రాణం పోతుంది. చేతికి గ్లౌజులు వేసుకుని డ్రిల్ దగ్గర నిలబడుతున్నారా?

కాలర్: చిప్స్, ఆ లోహపు తురుము కోసుకుంటుందని...

నిపుణుడు: తీసేయండి బాబూ! గ్లౌజు చుట్టుకుంటే వేలు కాదు, చెయ్యే పోతుంది. చిప్స్‌కి బ్రష్ పెట్టుకోండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. బాలానగర్ నుంచి మరో కాలర్.

కాలర్: నమస్తే సార్, నమస్తే మేడమ్. సర్ఫేస్ గ్రైండర్, అదే తిరిగే రాతి వీల్‌తో ప్లేట్లని చదును చేసే మెషిన్, పెట్టుకుని జాబ్ వర్క్ చేస్తా సార్. అన్నీ ప్రెస్ టూల్ ప్లేట్లే. మొదట ఒక్కటే మెషిన్ ఉండేది, పోయినేడు మా బామ్మర్ది చెప్పిండని సెకండ్ హ్యాండ్‌ది ఇంకొకటి తీసుకున్నా. అప్పటి నుంచి టెన్షనే. కరెంటు బిల్లు చూస్తే...

నిపుణుడు: సమస్య చెప్పండి.

కాలర్: మాడుతోంది సార్. ప్లేటు మీద గోధుమ రంగు మచ్చలు. మొన్న ఒకదానికి సన్నగా పగుళ్లు కూడా వచ్చినయ్. పార్టీ వెనక్కి పంపిండు. ఏ కంపెనీ వీల్ మంచిది సార్?

నిపుణుడు: కంపెనీ సంగతి తర్వాత. స్టీల్ ఏంటి?

కాలర్: డి2 టూల్ స్టీల్ సార్. హార్డెన్ చేసి వస్తది, గట్టిదనం 60 హెచ్.ఆర్.సి.

నిపుణుడు: వీల్ మీద కాగితం ఉంటుంది. దాని మీద ఏం రాసుందో చదవండి.

కాలర్: ఒక్క నిమిషం సార్... ఏ 46 ఎన్... తర్వాత చినిగిపోయింది.

నిపుణుడు: దొరికింది. ఎన్ అంటే గట్టి గ్రేడ్, వీల్ తన గింజల్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఎవరు ఇమ్మన్నారు?

కాలర్: నేనే సార్. గట్టి స్టీల్‌కి గట్టి వీలే కదా?

నిపుణుడు: అక్కడే అందరూ పడతారు. గట్టి స్టీల్‌కి మెత్తటి వీల్, మెత్తటి స్టీల్‌కి గట్టి వీల్. గట్టి జాబ్, అంటే గట్టి ముక్క మీద వీల్‌లోని కోసే గింజ పదును తొందరగా పోతుంది. పదును పోయినది రాలిపోతే కింద కొత్త గింజ బయటికొస్తుంది. మీ వీల్ దాన్ని వదలట్లేదు. మొద్దు గింజ కొయ్యదు, రుద్దుతుంది. ఆ వేడికే మచ్చలు, పగుళ్లు. తెల్ల వీల్, 46 గ్రిట్ (గింజ సైజు), హెచ్ లేదా జె గ్రేడ్ అడగండి.

కాలర్: మెత్తటిదైతే తొందరగా అరిగిపోదా సార్? వీల్ రేట్లు చూస్తే...

నిపుణుడు: అరుగుతుంది. వెనక్కొచ్చిన ఒక్క ప్లేటు ఖరీదుకి ఎన్ని వీల్స్ వస్తాయో లెక్కేయండి. సరే, డ్రెస్సింగ్, అంటే డైమండ్‌తో వీల్ మొహం చెక్కి పదును తేవడం, ఎప్పుడు చేస్తారు?

కాలర్: మాడినప్పుడు చేస్తం సార్.

నిపుణుడు: (నవ్వు) జ్వరం వచ్చాక టీకా! ఎలా చేస్తారు? డైమండ్‌ని వీల్ మీద నెమ్మదిగా లాగుతారా, వేగంగానా?

కాలర్: బాగా నెమ్మదిగా సార్. ఫినిషింగ్ నున్నగా రావాలని.

నిపుణుడు: నెమ్మదిగా లాగితే వీల్ మొహం అద్దంలా మూసుకుపోతుంది. రఫింగ్‌కి, అంటే మొదటి ముతక కోతకి, కొంచెం వేగంగా లాగండి, పాస్‌కి 20 మైక్రాన్ల లోపే. చివరి పాస్ కావాలంటే నెమ్మదిగా. డైమండ్ నిటారుగా పెట్టకుండా వీల్ తిరిగే వైపుకి 10, 15 డిగ్రీలు వాల్చండి, అప్పుడప్పుడు తిప్పి పెట్టండి. చల్లబరిచే కూలెంట్ ఉందా?

కాలర్: కొత్త మెషిన్‌కి పంపు పాడైంది సార్. పిల్లగాడు బాటిల్‌తో పోస్తడు.

నిపుణుడు: అయ్యో! మీ పగుళ్లకి సగం కారణం అదేనండీ. ఎర్రగా కాలిన దాని మీద చుక్క చుక్కగా నీళ్లు పోస్తే పగలక ఏం చేస్తుంది? పోస్తే ధారగా, ఆగకుండా, సరిగ్గా వీల్ జాబ్‌ని తాకే చోట పడాలి. లేదంటే పొడిగానే తక్కువ కట్‌తో చేసుకోండి. ముందు పంపు బాగు చేయించండి.

కాలర్: అట్లనే సార్. మరి ఏ కంపెనీ వీల్...

నిపుణుడు: మళ్లీ అదేనా! ఏ మంచి కంపెనీదైనా పర్లేదు, గ్రేడ్ చూసి కొనండి. కొత్త వీల్ బిగించేముందు మోగించి చూస్తారా?

కాలర్: లేదు సార్.

నిపుణుడు: వేలికి తగిలించి చెక్క పిడితో మెల్లగా తట్టండి. గంటలా మోగాలి. బొంగురుగా పలికితే పగులుంది, పక్కన పడేయండి. వీల్ మీద రాసిన ఆర్.పి.ఎం. మీ స్పిండిల్ తిరిగే వేగం కంటే తక్కువైతే అసలు బిగించొద్దు. బిగించాక పక్కకి నిలబడి ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. ఎదురుగా మాత్రం నిలబడొద్దు.

వ్యాఖ్యాత: చాలా థాంక్స్ అండీ. జీడిమెట్ల నుంచి ఒక మేడమ్.

కాలర్: నమస్కారం సార్. మా వారిది సి.ఎన్.సి. టర్నింగ్ (కంప్యూటర్ లేత్) షాప్, లెక్కలు నేను చూస్తాను. టిప్పులు, అదే కోసే చిన్న కార్బైడ్ ముక్కల ఖర్చు ఎక్కువైందని ఈయన గొడవ. ఆపరేటర్లేమో స్పీడ్ పెంచితేనే పీసులు వస్తాయంటారు. ఎవరు కరెక్ట్?

నిపుణుడు: లెక్కలు మీ చేతిలోనే ఉన్నాయి కదమ్మా, చెప్పండి. టిప్పు ఎంత?

కాలర్: 320. నాలుగు మూలలు వాడతాం. ఒక్కో మూలకి 20 పీసులు.

నిపుణుడు: అంటే పీసుకి 4 రూపాయలు. మెషిన్ గంట?

కాలర్: 480 వేసుకుంటాం. పీసుకి 4 నిమిషాలు, అందులో కటింగ్ 3.

నిపుణుడు: నిమిషానికి 8 రూపాయలు. ఇప్పుడు స్పీడ్ 20 శాతం పెంచారనుకోండి. అర నిమిషం మిగులుతుంది, అంటే 4 రూపాయలు. కానీ కార్బైడ్ టిప్పు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మూలకి 11, 12 పీసులే. టిప్పు ఖర్చు 7 రూపాయలవుతుంది, మార్చడానికి మెషిన్ కూడా ఎక్కువసార్లు ఆగుతుంది. మిగిలిందేంటి?

కాలర్: ఏమీ లేదు సార్!

నిపుణుడు: కాబట్టి ముందు మెషిన్ మోయగలిగినంత కట్ లోతు పెంచండి, తర్వాత ఫీడ్ (ఒక్కో చుట్టుకి టిప్పు జరిగే దూరం), ఆఖరికి స్పీడ్. ఫీడ్ పెంచితే అంతే సమయం ఆదా అవుతుంది, టిప్పు మాత్రం అంతగా అరగదు. ఫినిషింగ్ పాస్‌కి మాత్రం ఫీడ్ ముట్టుకోకండి, గీతలు పడతాయి. షిఫ్టుకి ఎన్ని పీసులొస్తున్నాయి?

కాలర్: 70 దాకా సార్.

నిపుణుడు: 8 గంటలకి, 4 నిమిషాల చొప్పున 120 రావాలి. తక్కిన 50 ఎక్కడమ్మా?

కాలర్: ...అలా ఎప్పుడూ చూడలేదు సార్.

నిపుణుడు: 200 నిమిషాలు! మీరు అర నిమిషం కోసం కొట్లాడుకుంటున్నారు. రేపు ఒక నోట్‌బుక్ పట్టుకుని మెషిన్ పక్కన కూర్చోండి. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, అంతే రాయండి. ముక్కని పట్టే జాస్‌ని సైజుకి బోర్ చేయడానికా, మెటీరియల్ రాకా, కొలిచే గేజ్ వెతుక్కుంటూనా, ఫోనా. తర్వాతి జాబ్‌కి కావలసిన జాస్, టూల్స్, డ్రాయింగ్ మెషిన్ తిరుగుతుండగానే ట్రేలో సర్దించండి.

కాలర్: ఆపరేటర్‌తో ఎలా చెప్పాలి సార్? వాళ్ల మీద నిఘా అనుకుంటారేమో.

నిపుణుడు: అదీ నిజమే. నోట్‌బుక్ అతని చేతికే ఇవ్వండి. ఆగడానికి కారణం చాలాసార్లు ఆఫీసులోనే ఉంటుందమ్మా, మెటీరియల్ లేటు మీ వల్లే అయ్యుండొచ్చు.

కాలర్: (నవ్వు) సరే సార్, థాంక్యూ.

వ్యాఖ్యాత: ఇంకో కాల్, చర్లపల్లి. త్వరగా అడగండి.

కాలర్: సార్, సోమవారం షాపు తెరిస్తే కూలెంట్ కుళ్లిన వాసన...

నిపుణుడు: పైన నూనె తేలుతోందా? దాని కింద గాలాడక బ్యాక్టీరియా పెరుగుతుంది. ఆ నూనె తోడేయండి. ఆదివారం ఎవరైనా వస్తే పంపు కాసేపు తిప్పమనండి. మరీ కంపైతే ట్యాంకు మొత్తం కడగాలి. కలిపేటప్పుడు నీళ్లలో నూనె పోయాలి, నూనెలో నీళ్లు కాదు. ఎంత కలుపుతున్నారు?

కాలర్: అందాజుగా సార్, తెల్లగా కనిపించేదాకా...

నిపుణుడు: అందాజు కాదు, టర్నింగ్‌కి 20 లీటర్ల నీళ్లకి ఒక లీటరు. పాళ్లు చూసే రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కోండి...

వ్యాఖ్యాత: సార్, సమయం అయిపోయింది. బాలానగర్ ఆయన మళ్లీ లైన్‌లో ఉన్నారట, ఒక్క మాట.

కాలర్: సార్, ఇంట్లో పాత వీల్ ఒకటుంటే మోగించి చూసినా. టక్ టక్ అంటుంది.

నిపుణుడు: పగలగొట్టి పారేయండి. ఇంకెవరూ బిగించకుండా.